తిరుగుదోవ

పాకాల స్టేషను వెనక వీధిలో
మేడమీద రేకుల గది నాది.
కింద చెంగల్రాయుడు గారి కాపురం, ఆయన దగ్గుతో సహా.
ఈ వారంలో మూడోసారి
ఎక్కడో ఒక సర్వరు నిలబడిపోయింది.
చావలేదు, అదే బాధ.
ప్యాకెట్లు వచ్చి వరుస కడుతున్నాయి,
ముందున్నది కదలడం లేదు.

కెర్నల్ లోపల, నెట్‌వర్క్ కోడ్‌లో
ఆ వరుసని ముట్టుకోవాలంటే ముందు తాళం పట్టాలి.
ఒకడు పట్టుకుంటే రెండోవాడు గుమ్మం ముందు
బొంగరంలా తిరుగుతూ ఉండాల్సిందే,
కూర్చోకూడదు, కునుకు తీయకూడదు.
ఈ రాత్రికి నాకూ అదే రూలు.

పనంతా ఒకేచోట రాయలేక
చిన్న చిన్న సాయం ఫంక్షన్లు రాసుకుంటాం.
కొన్ని తాళం తామే వేసి తామే తీస్తాయి.
కొన్నిటిని తాళం వేశాకే పిలవాలి.
వీటి పేరు ముందు రెండు అండర్‌స్కోర్లు,
గడప బయట విడిచిన చెప్పుల జతలా:
లోపల మనిషున్నాడు, మళ్ళీ గడియ పెట్టొద్దని.
ఆచారమే, చట్టం కాదు.
కంపైలరు చెప్పుల వైపు చూడదు.

చెప్పులన్నీ లెక్కపెట్టాను. సరిగ్గానే ఉన్నాయి.
రెండున్నరకి నీళ్ళకని దిగితే
తిన్నెమీద ఆయన.
"ఇంకా పండుకోలేదా మే, హంసవేణీ?"
చెప్పాను, తాళం, వరుస, కదలని ముందుది.
"ఓ, టోకెనా!" అన్నాడు.

మీటరుగేజి కాలంలో పాయింట్స్‌మన్ ఆయన.
బెత్తపు వలయం, దానికి తోలుసంచి,
సంచిలో ఇనప గుండు.
అది చేతికి అందితేనే ఇంజను
దామలచెరువు దోవలో అడుగు పెట్టేది.
గుండు బయటుండగా
రెండు స్టేషన్ల మిషన్లూ ఇంకోటి రాల్చవు.

"మామిడికాయల రోజులు. గూడ్సు బండికి టోకెనిచ్చి పంపినా.
నాలుగు మైళ్ళు పోయి ఇంజను చెడింది.
వెనక్కి నెట్టుకోనొచ్చినారు.
అందరూ ఇంజను చుట్టూతా చేరినారు.
నేను వలయం బుజానికి తగిలించుకోని
సంగటి తినను ఇంటికి పోతిని.
గుండు మిషన్లో వెయ్యల్యా.
అవతల పాసింజరు తెల్లార్లూ నిలబడిపోయింది,
పట్టాలు ఖాళీగా ఉండాయి, దోవ మాత్రం లేదు."

కాసేపు దగ్గాడు.
"బండి ముందుకే పోయుంటే మరిచేవాణ్ణి కాదు మే.
అవతలోళ్ళు దించి మిషన్లో ఏస్తారు.
తిరిగొచ్చిన బండి కాబట్టే మరిచినా."

చెంబు అక్కడే వదిలి మెట్లెక్కాను.
ముందుకు పోయే దోవలు చదవడం మానేశాను,
మూడు రాత్రులుగా చదివినవి అవే.
వెనక్కి వచ్చేవి మాత్రం చూశాను.

రెండువందల పద్నాలుగో వరుస.
సాయం ఫంక్షన్ తాళం వేసింది,
మెమరీ అడిగింది,
లేదన్నారు.
సరేనని రిటర్న్ అయిపోయింది,
తాళం బుజాన తగిలించుకుని.

ఎవరు రాశారా అని చూస్తే
రెండేళ్ళ కిందటి తేదీ. నా పేరే.

దిద్దడానికి మూడు వరుసలు చాలాయి.
కింద, కనిపెట్టినవారు అన్నచోట
చెంగల్రాయుడు, పాయింట్స్‌మన్ అని కొట్టి
ఈమెయిల్ ఏదని ఆగి,
చెరిపి, మళ్ళీ కొట్టాను.

పంపేశాక కిందికి చెంబుకోసం వెళ్ళాను.
ఇంక్రిమెంటు కోశారా అని అడిగా.
"కోసినారులే. అది కాదు.
తెల్లారి ఆ పాసింజరొచ్చె. కిటికీలో ఒకామె,
చంటిబిడ్డ ఏడ్చి ఏడ్చి నిద్రపోయినాడు ఒళ్ళో.
నా పక్క చూసింది. ఏమీ అన్లా."

ఆగిన ఆ సర్వరు వెనక
ఎవరు ఒళ్ళో ఏం పెట్టుకు కూర్చున్నారో
ఏ లాగ్‌లోనూ ఉండదు.

నాలుగున్నరకి కరెంటు బండి దూసుకుపోయింది,
ఎవరి చేతినించీ ఏమీ అందుకోకుండా.
నేను పక్కనున్న ఫంక్షన్ తెరిచాను.
దీనికి తిరుగుదోవలు ఆరు.